చరణానికి ముందు గోటి దెబ్బ

పోయిన వారం మిమ్మల్ని మేడ మెట్ల మీదే నిలబెట్టేసి వెళ్లిపోయాను. కాళ్లు లాగుతూ ఉంటాయి, లోపలికి రండి.

గుర్తుందిగా, మా పెద్దమ్మ పాటకి వీడియో తీస్తున్నాం. తీసేది నేను. దుకాణాల ప్రకటనలూ, స్కూలు వార్షికోత్సవాలూ తీసుకుని బతికే నాకు ఇదే మొదటి పాట. పెద్దమ్మ ఊరూరా తిరిగి జానపదాలు పాడి పేరు తెచ్చుకున్న మనిషి. ఆవిడ పక్కన కూర్చుని డోలు వాయిస్తూ జుట్టు నెరిసిపోయిన మనిషి మా పెదనాన్న. ఇద్దరూ ఇప్పటికీ ఒకే ఇంట్లో ఉంటున్నారు. ఉంటున్నారంటే ఉంటున్నారు, అంతే. కొట్లాట లేదు, అలక లేదు, మా అమ్మ దగ్గరికి వచ్చి ఒకరి మీద ఒకరు చెప్పుకున్నదీ లేదు. కంప్యూటర్లో వేసిన తాళానికి పాడితే చాలని సభలవాళ్లు అనడం మొదలుపెట్టాక ఆయన డోలుకి పని తగ్గింది. ఆ వెనకాలే ఇంట్లో మాటలు తగ్గాయి. ఏది ఎప్పుడు తగ్గిందో ఇద్దరిలో ఎవరినడిగినా చెప్పలేరు.

ఎల్లుండి పెదనాన్న తన తమ్ముడి ఊరికి వెళ్లిపోతున్నాడు. అక్కడ డోళ్లు తయారుచేసే షెడ్డు పెట్టారు, దగ్గరుండి చూసుకోవడానికి తెలిసిన మనిషి కావాలన్నారు. మళ్లీ ఎప్పుడొస్తారని పెద్దమ్మ అడగలేదు. నువ్వూ రా అని ఆయన అనలేదు. ఎవరో ఒకరు ఒక్క మాట అంటే ఆగిపోయే ప్రయాణం అది. ఇద్దరికీ నోరు పెగల్లేదు. పెద్దమ్మ మాత్రం ఆ నోరు పెగలకపోవడం మీదే కూర్చుని పాట కట్టింది. ఆ పాటకే ఈ వీడియో. చివర్లో ఒక మనిషి మెట్లు దిగి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోవాలి. దానికి మాట్లాడుకున్న నటుడు జ్వరమన్నాడు. నేను పెద్దమ్మకి చెప్పకుండా పెదనాన్నకి ఫోన్ చేసి, డోలు తీసుకుని రమ్మన్నాను. ఆయన వచ్చి గుమ్మంలో నిలబడ్డాడో లేదో, నాకిచ్చిన పేజీలు అయిపోయాయి.

ఇక చెబుతా వినండి.

గుమ్మంలో ఉన్న మనిషిని పెద్దమ్మ చూసింది. ఆవిడ చేతిలో సగం మడతపెట్టిన చొక్కా ఉంది. పాట పాడుతూ చొక్కాలు మడతపెడుతూ ఉండాలన్నది నా గొప్ప ఆలోచన. వెళ్లిపోయేవాడి బట్టలు సర్దుతూ పాడితే చూసేవాళ్లకి గుండె పట్టేస్తుందని నా లెక్క.

"ఈయన్ని ఎవరు పిలిచారు?" అంది పెద్దమ్మ, నన్ను చూసి.

నేను కెమెరా వెనక్కి తప్పుకున్నాను. పెదనాన్న ఆవిణ్ని చూడలేదు. చొక్కాని చూస్తున్నాడు.

"అది నాదే కదూ?" అన్నాడు. "పొద్దున్నుంచీ అల్మరా అంతా వెతికాను. పెట్టెలో పెట్టుకుందామని."

"మీ మేనగోడలో కూతురో ఏదో ఉందిగా, ఆ దర్శకురాల్ని అడగండి. బట్టలు తెచ్చింది అదే."

నేను వాళ్లకి మేనగోడల్నీ కాను, కూతుర్నీ కాను. చెల్లెలి కూతుర్ని. పెద్దమ్మకి కోపం వస్తే ముందు చుట్టరికాలు తప్పిపోతాయి. "గీతల చొక్కా కెమెరాలో బాగా పడుతుందని తెచ్చాను పెదనాన్నా. సాయంత్రం ఇచ్చేస్తాను," అన్నాను.

"ఉంచుకోవే బుడంకాయ్, తొందరేముంది," అన్నాడాయన. డోలు భుజం మీంచి దించి గోడకి ఆనించి, గుమ్మం పక్కనే తలుపుకి చేరబడి నేల మీద కూర్చున్నాడు. కూర్చోవడానికి, షూటింగుకని మేం తెచ్చిన మంచం, కుర్చీ ఉన్నాయి. ఆయన కూర్చున్నది మాత్రం పూర్వం తను కూర్చునే చోటే.

ఎందుకంటే ఆ గది వాళ్లిద్దరూ కాపురం మొదలుపెట్టిన గది. కింద దర్జీ కొట్టు, పైన ఒక్క గది, ఒక్క కిటికీ, వీధిలోకి దిగే మెట్లకి పట్టుకుని దిగడానికి చెక్క చేపట్టు. ఇప్పుడు ఖాళీగా ఉంది. కొత్తవాళ్లు దిగేలోపు ఒక్కరోజు వాడుకోమని ఇచ్చారు. నా చిన్నప్పుడు సెలవులిస్తే చాలు, అమ్మ నన్ను తెచ్చి ఇక్కడ దింపేసి పోయేది. పెద్దమ్మ కిటికీ గట్టు మీద కూర్చుని పాడేది. పెదనాన్న ఇదిగో ఈ తలుపు దగ్గర డోలు ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాడు. కింద దర్జీ కుట్టుమిషను తొక్కుతుంటే ఆ చప్పుడుకే వాళ్లు సాధన చేసేవాళ్లు. దర్జీ హడావిడిగా తొక్కిన రోజు పాట పరుగెత్తేది, తీరిగ్గా తొక్కిన రోజు పాట కూడా కాళ్లు చాపుకునేది. ఒకరోజు దర్జీ టేపు మెళ్లో వేసుకుని పైకొచ్చి, "అమ్మా, ఆ చివరి చరణం ఇంకోసారి పాడితే నా కాలరు పట్టీ కూడా అయిపోతుంది," అన్నాడు. పెద్దమ్మ పాడింది. ముగ్గురూ ఎంత నవ్వారో! నాకు అర్థం కాకపోయినా నేనూ నవ్వాను. అప్పట్లో ఆ గదిలో నవ్వడానికి పెద్దగా కారణం అక్కర్లేదు.

ఆ దర్జీ ఇప్పటికీ ఉన్నాడు, మిషను కూడా ఉంది. పాట తీస్తున్నంతసేపూ కాస్త ఆపమని బతిమాలుకున్నాం.

"వెలుతురు నాలుగు దాకానే ఉంటుంది," అన్నాడు నిదానం. నిదానం మా కెమెరామన్. ఇల్లు అంటుకున్నా ముందు లెన్సు తుడుచుకుని గానీ లేవడు, అందుకని ఆ పేరు. నిదానం కూడా తొందరపడుతున్నాడంటే పరిస్థితి ఎలా ఉందో మీరే ఊహించుకోండి.

పరిస్థితి ఏమిటంటే, పెద్దమ్మకి పెదాలు కలవడం లేదు. స్పీకర్లో పాట వేస్తాం. ఆవిడ దాంతోపాటు పెదాలు కదపాలి. అంతే పని. నిన్నగాక మొన్న మైకు పట్టుకున్న పిల్లలు కూడా అవలీలగా చేసేస్తారు. ఈవిడ స్వయంగా కట్టి, స్వయంగా పాడిన పాట, ఈవిడ నోటికే అందడం లేదు. ప్రతి లైనుకీ ఒక వెంట్రుకవాసి ఆలస్యం. పొద్దున్నుంచీ ఇదే వరస. మొదటి చరణం దాటలేదు.

"మళ్లీ వేయండి," అంది పెద్దమ్మ. మొగుడొచ్చి కూర్చున్నాక ఆవిడ వీపు నిటారుగా అయింది. ఆయన ముందు తప్పు చేయకూడదన్న పట్టుదల కనిపిస్తూనే ఉంది.

చెవులు పాట వేశాడు. చెవులు అంటే మా సౌండు చూసే అతను. ఈ పాట రికార్డు చేసింది కూడా అతనే. పక్కవీధిలో గిన్నె పడితే ఏ లోహపు గిన్నో చెబుతాడు. మనుషుల మొహం చూసి మాట్లాడటం మాత్రం అతని వల్ల కాదు.

గడపకాడ నీ చెప్పులు, గోడకేమో నీ చొక్కా
ఇల్లంతా నువ్వే ఉన్నావు, ఇంట్లోన నువు లేవు

మళ్లీ ఆలస్యమే. స్పీకర్లో గొంతు బయల్దేరాక ఆవిడ పెదాలు విచ్చుకున్నాయి. రెండో లైనుకీ అంతే. ఆపేశాం. ఇంకోసారి తీశాం. ఇంకోసారి కూడా అంతే.

"ప్రతిసారీ ఒకేలా లేటవుతున్నారు మేడమ్," అన్నాడు చెవులు, స్పీకరుతో చెబుతున్నట్టు. "ఎక్కువా కాదు, తక్కువా కాదు. దేనికోసమో ఆగుతున్నట్టుగా."

"దేనికోసం ఆగుతాను నాయనా? నాకేమైనా రైలొస్తోందా?" అని కసిరింది పెద్దమ్మ. చొక్కా మంచం మీద విసిరేసి కిటికీ వైపు తిరిగింది. "నా పాట నాకే అందకపోతే ఇంక పాడటం ఎందుకు? మానేద్దాం. బుడంకాయ్, ఇవన్నీ కట్టేయండి. ఇంకెవరైనా అందమైన పిల్లని పెట్టి తీసుకో. నా గొంతుకి అదే కదుపుతుంది పెదాలు."

నాకు కంగారు పుట్టింది. వీడియో పోతుందని కాదు, నిజం చెబుతున్నాను. ఆవిడ గొంతులో కోపం కాకుండా ఇంకేదో వినిపించింది. తనొక్కతే నిలబడగలనని రుజువు చేసుకుందామని వచ్చి, అది కుదరదేమోనని భయపడే మనిషి గొంతు అది. "ఒక్కసారి పెద్దమ్మా," అని కాళ్లావేళ్లా పడ్డాను. "ఇదొక్కసారే. రాకపోతే మానేద్దాం."

ఆవిడ చొక్కా తీసుకుంది. చెవులు పాట వేశాడు. ముందు వాద్యాలు వచ్చాయి, తగ్గాయి, ఆవిడ ఎత్తుకోవాల్సిన చోటు వచ్చింది.

టక్.

పెద్దమ్మ ఎత్తుకుంది. స్పీకర్లో గొంతూ, ఆవిడ పెదాలూ ఒక్కసారే విచ్చుకున్నాయి. మళ్లీ టక్. రెండో లైను. మళ్లీ టక్. చొక్కా చేయి మడత పడింది, కాలరు మడత పడింది, ఆవిడ కళ్లు ఎక్కడో ఉన్నాయి. చరణం మొత్తం వచ్చేసింది. నేను కెమెరా చూడటం మానేసి తలుపు వైపు చూశాను. పెదనాన్న కళ్లు మూసుకుని ఉన్నాడు. కుడిచేతి బొటనవేలి గోరు తలుపు చెక్క మీద ఉంది.

ఆ చప్పుడు నాకు తెలుసు. సభలో కూర్చున్నవాళ్లెవరికీ తెలియదు. చిన్నప్పుడు నన్ను వేదిక మీద డోలు వెనకాల కూర్చోబెట్టేవాళ్లు, తప్పిపోకుండా. అక్కడ కూర్చుంటే జనానికి వినపడనివి వినపడతాయి. పెద్దమ్మ ప్రతి లైను ఎత్తుకునే ముందు పెదనాన్న డోలు చెక్క మీద గోటితో ఒక్క దెబ్బ కొట్టేవాడు. ఆవిడ మొట్టమొదటి సభలో జనాన్ని చూసి బిగుసుకుపోయి, రెండో లైను ఎక్కడ ఎత్తుకోవాలో మర్చిపోతే, ఆయన అలా గోటితో కొట్టి గుర్తుచేశాడట. ఆవిడ ఎత్తుకుంది. ఆ తర్వాత మర్చిపోయినా మర్చిపోకపోయినా కొడుతూనే ఉన్నాడు. దాని గురించి ఇద్దరూ ఎప్పుడూ మాట్లాడుకోలేదు. గోడగడియారం చప్పుడు ఇంట్లోవాళ్లకి వినపడనట్టు, ఆవిడకి అది వినపడటం మానేసి ఉంటుంది.

"అద్భుతం! ఓకే!" అని నిదానం తన జన్మలో మొదటిసారి గట్టిగా అరిచాడు.

పెద్దమ్మ మాత్రం చొక్కా పట్టుకుని తలుపు దగ్గరికి వెళ్లింది.

"మిమ్మల్ని ఎవరు కొట్టమన్నారు?"

పెదనాన్న కళ్లు తెరిచాడు. "ఎవరు కొట్టారు?"

"మీరే. ఆ చెక్క మీద. లైను లైనుకీ కొట్టారు."

ఆయన తన చేతిని తనే వింతగా చూసుకున్నాడు. "కొట్టానా? అలవాటు."

"అలవాటా!" పెద్దమ్మ గొంతు లేచింది. "పక్కన కూర్చుని తినే అలవాటు పోయింది. వీధిలోంచి రాగానే ఏం చేస్తున్నావని అడిగే అలవాటు పోయింది. దీపం ఆర్పే ముందు రెండు మాటలు మాట్లాడే అలవాటు పోయింది. అన్నీ పోయి ఇదొక్కటి మిగిలిందా మీకు?"

నిదానం లెన్సు తుడవడం మొదలుపెట్టాడు. చెవులు వైర్లలో తలదూర్చాడు. నాకు దాక్కోవడానికి ఏమీ దొరకలేదు.

"నువ్వు ఎత్తుకోలేక అవస్థ పడుతుంటే చూస్తూ కూర్చోలేకపోయాను," అన్నాడు పెదనాన్న మెల్లగా.

"అవస్థ పడతాను. నా పాట, నా అవస్థ. మీకెందుకు? ఎల్లుండి నుంచి ఎవరు కొడతారు నాకు?" అని ఆగింది. తను అన్నది తనకే వినపడి, తొందరగా మాట మార్చేసింది. "చూడండి, మీరు పక్కన లేకుండా మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా నేనొక్కదాన్నే పాడిన పాట ఇది. ముప్పై ఏళ్లుగా రికార్డు చేసిన పాటల్లో ఈ ఒక్కదాంట్లో మీరు లేరు. లేకుండా ఉండాలనే జాగ్రత్తగా పాడాను. దీన్ని నాకు వదిలేయండి."

చొక్కా ఆవిడ పిడికిట్లో నలిగిపోయింది. పెదనాన్న ఏదైనా అంటాడని నేను కూడా ఎదురుచూశాను. చివరికి ఆయన అడిగింది వింటే మీకు నవ్వొస్తుంది. సంసారం మునిగిపోతున్నా డోలు వాయించేవాడికి తాళం మీదే ధ్యాస.

"మరి రికార్డింగులో ఎవరు కొట్టారు?"

"ఎవరూ కొట్టలేదు."

"దెబ్బ లేకుండానే ఎత్తుకున్నావా? అంత సరిగ్గా?"

ఎగతాళి కాదు. నిజంగానే ఆశ్చర్యపోతున్నాడు, కాస్త గర్వపడుతున్నాడు కూడా. పెద్దమ్మ గడ్డం ఎత్తి, "ఎత్తుకున్నాను," అంది.

చెవులు దగ్గాడు.

మళ్లీ దగ్గాడు. "మేడమ్," అన్నాడు. "అందులో ఒక చప్పుడు ఉండేది. నేను తీసేశాను."

"ఏం చప్పుడు?"

"ప్రతి లైనుకీ ముందు. టక్ అని. కుర్చీ కిర్రుమంటోందేమో అనుకున్నాను మొదట. తర్వాత చూస్తే కుర్చీ కాదు." అతని మొహం కందిపోయింది. "పెద్దవారు, మీకు చెప్పడం బాగుండదని ఊరుకున్నాను. ఒక్కొక్కటీ ఏరి తీసేశాను. ఇంతకుముందు కంప్యూటర్ తాళానికి పాడిన సభల్లో కూడా మీ మైకులో ఇదే వచ్చేది. మైకు పాడైందనుకుని రెండుసార్లు మార్చాను కూడా."

పెద్దమ్మ పెదనాన్న వైపు తిరిగింది. "మీరొచ్చారా రికార్డింగు రోజు? నాకు తెలియకుండా వచ్చి పక్కగదిలో కూర్చున్నారా?"

"నేనెక్కడున్నాను? మా తమ్ముడి ఊళ్లో షెడ్డు చూడటానికి వెళ్లాను. నువ్వే కదా పెట్టె సర్దింది."

"అసలుది ఉందా నీ దగ్గర?" అని నేను చెవుల్ని అడిగాను. ఉందన్నాడు. ఏదీ పారేసే రకం కాదు అతను. లాప్‌టాప్‌లో వెతికి, వాద్యాలన్నీ తీసేసి, ఉత్త గొంతు వేశాడు.

ఆ ఖాళీ గదిలో పెద్దమ్మ గొంతు ఒంటరిగా వినిపించింది. ఎత్తుకునే ముందు ఒక ఊపిరి. ఊపిరి చివర, టక్.

గడపకాడ నీ చెప్పులు, గోడకేమో నీ చొక్కా

టక్.

ఇల్లంతా నువ్వే ఉన్నావు, ఇంట్లోన నువు లేవు

పెదనాన్న ముందుకు వంగాడు. మేం అప్పటిదాకా స్పీకర్లో వేసింది మొదటి చరణమే కాబట్టి, ఆయన మిగతా పాట వినడం అదే మొదటిసారి.

టక్.

ఎప్పుడొస్తావని నేనడగను, వెంట రమ్మని నువ్వనవు
ఎవరి నోట ఆ మాట దాగిందో, ఎవరూ వెతకరు

కింద దర్జీ కత్తెర చప్పుడు కూడా ఆగిపోయింది. పాట అయ్యేదాకా ఎవరం కదల్లేదు. నాకు ముక్కు కారుతోంది, తుడుచుకోవడానికి కూడా చేయి ఎత్తలేదు.

"మీరే మేడమ్ కొట్టింది," అన్నాడు చెవులు. "రికార్డింగు గది అద్దం అవతలి నుంచి నేను చూశాను. కాగితం పెట్టుకునే స్టాండు మీద, బొటనవేలి గోటితో."

పెద్దమ్మ తన చేతిని చూసుకుంది. చేతిలో చొక్కా ఉంది. పొద్దున్నుంచీ ఆ చేతిలో చొక్కాయే ఉంది. నేనే పెట్టాను. గోటితో కొట్టడానికి వీల్లేకుండా రెండు చేతులకీ పని చెప్పి, పెదాలు కలవడం లేదని తల పట్టుకున్నది కూడా నేనే. నన్ను నేను ఏమని తిట్టుకోవాలో తెలియలేదు.

ఆయన లేకుండా పాడానన్న పాట నిండా ఆయనే ఉన్నాడు. లైను లైనుకీ ముందు నిలబడి ఉన్నాడు. ఇప్పుడైనా వీళ్లిద్దరిలో ఒకరు నోరు తెరుస్తారని, ఇంక ప్రయాణం లేదూ పాడూ లేదని నాకు అనిపించింది. సంతోషంతో ఏడవడానికి సిద్ధంగా ఉన్నాను.

పెదనాన్న లేచి నిలబడి పంచె దులుపుకున్నాడు. ఆయన మొహం ప్రశాంతంగా ఉంది.

"బాగా పడుతోంది," అన్నాడు. "రెండో చరణం దగ్గర నేనైతే కాస్త తొందరపడేవాణ్ని. నువ్వు తొందరపడలేదు. సరిగ్గా ఎక్కడ పడాలో అక్కడే పడింది." డోలు తొడుగు ముడి సరిచూసుకున్నాడు. "ఎల్లుండి వెళ్లాక ఎలా ఎత్తుకుంటుందోనని నాకు లోపల ఒకటే బెంగగా ఉండేది. ఇంక ఆ బెంగ లేదు. నీ దెబ్బ నీకొచ్చేసింది."

ఒక్క ముక్క వ్యంగ్యం లేదు అందులో. అదే నాకు కోపం తెప్పించింది. ఎంత మంచివాడైతే మాత్రం, ఇంత తెలివితక్కువగా ఉండాలా మనిషి? ఆయన తన గోరు ఆవిడ వేలికి ఎక్కిందని విన్నాడు, ఇక తనతో పనిలేదని అర్థం చేసుకున్నాడు. పెద్దమ్మా, చెప్పు. దెబ్బ కోసం కాదండీ, మీకోసమేనని చెప్పు. నేను కళ్లతోనే అరిచాను.

పెద్దమ్మ చొక్కాని మంచం మీద పరిచి, నలిగిన చోటల్లా అరచేత్తో సాపు చేసింది. మడత పెట్టింది. మళ్లీ విప్పింది.

"వెలుతురు పోతోందన్నాడుగా అబ్బాయి," అంది చివరికి, నాతో. "ఆ మెట్ల ముక్కేదో తీసేయ్. ఆయనకి పెట్టె సర్దుకునే పనుంది."

ఇంక నేనేం చేయను? దర్శకురాలినని చెప్పుకుని వచ్చాను కాబట్టి దర్శకత్వం చేశాను. పెదనాన్నని మెట్ల పైన నిలబెట్టి, "డోలు భుజాన వేసుకుని నెమ్మదిగా దిగు పెదనాన్నా. కింద వీధిలోకి వెళ్లేదాకా ఆగకు. వెనక్కి మాత్రం తిరగకు," అని చెప్పాను. చెబుతుంటే నా గొంతు నాకే నచ్చలేదు.

"తిరగను," అన్నాడాయన. "ఇందులో నేను పాడక్కర్లేదు కదా?"

అది మా ఇద్దరి పాత జోకు. చిన్నప్పుడు ఒక్క పాట పాడమని ఆయన్ని పీకి పాకం పెట్టేదాన్ని. "నా గొంతు ఈ తోలులో ఉందే బుడంకాయ్," అని డోలు చూపించేవాడు. అన్నేళ్లు పాటల మధ్య బతికిన మనిషి ఒక్క కూనిరాగం తీయగా విన్నవాళ్లు లేరు. నన్ను నిద్రపుచ్చాల్సి వచ్చినా మంచం కోడు మీద గోటితో కొట్టేవాడు తప్ప నోరు విప్పేవాడు కాదు. "అక్కర్లేదు," అని నవ్వబోయాను.

పెద్దమ్మని మెట్ల పైన, చేపట్టు పక్కన నిలబెట్టాం. చొక్కా భుజం మీద వేసుకుంది. వద్దని నేను అనలేదు. ఆవిడ రెండు చేతులూ ఇప్పుడు ఖాళీ. ఈ ముక్కకి మాటల్లేవు, పెదాలు కలిపే పని లేదు, తర్వాత పాట మీద అతికించుకోవచ్చు. అందుకని చెవులు మైకు వైర్లు చుట్టేసి సంచీలో పెట్టుకుంటున్నాడు. నిదానం కెమెరా సరిచూసుకుని తల ఊపాడు. కిటికీలోంచి వచ్చే ఎండ సరిగ్గా మెట్ల మీద పడుతోంది.

"యాక్షన్," అన్నాను.

పెదనాన్న దిగాడు. చెప్పినట్టే నెమ్మదిగా, చెప్పినట్టే తల తిప్పకుండా. నటుడెవరూ అలా దిగలేడు. డోలు బరువుకి కుడి భుజం కాస్త కిందికి వాలింది. కింద దర్జీ మిషను మీంచి లేచి, టేపు మెళ్లో వేసుకునే కొట్టు గుమ్మంలోకి వచ్చి చూస్తున్నాడు. ఇంకొంచెం దిగితే వీధి. నేను పెద్దమ్మ వైపు చూశాను. కళ్లనిండా నీళ్లు. పెదాలు బిగించి ఉన్నాయి. మాట రాదని నాకు తెలిసిపోయింది. ఆవిడకి ఇలాంటి మాటలు ఎప్పుడూ రాలేదు, పాటలే వచ్చాయి.

ఆవిడ చేయి చేపట్టు మీదికి వెళ్లింది.

టక్.

గట్టిగా కూడా కొట్టలేదు. పెదనాన్న కాలు కింది మెట్టు మీద పెట్టబోయి ఆగిపోయాడు.

వాళ్లిద్దరి మధ్యా ఆ చప్పుడుకి ఇన్నేళ్లుగా ఒకటే అర్థం. ఇక నువ్వు ఎత్తుకో అని. కొట్టేది ఎప్పుడూ ఆయన, ఎత్తుకునేది ఎప్పుడూ ఆవిడ. ఆయన కోసం ఆవిడ కొట్టడం నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

"ఆగిపోయాడేంటి? కట్ చెప్పరా?" అని గొణిగాడు నిదానం. నేను కట్ చెప్పలేదు. నా వెనకాల చెవులు మోకాళ్ల మీద కూలబడి, చుట్టేసిన మైకు వైరుని రెండు చేతులా లాగి విప్పుతున్నాడు. ముడి పడింది, పళ్లతో లాగుతున్నాడు. పెద్దమ్మ గోరు చేపట్టు మీదే ఉంది. ఎత్తుకోకపోతే మళ్లీ కొట్టేటట్టు ఉంది.

పెదనాన్న వెనక్కి తిరగలేదు. డోలు భుజం మీంచి దించి మెట్టు మీద పెట్టాడు. గొంతు సవరించుకున్నాడు.